నచ్చకపోయినా

పోరంబోకు అనే మాట మన భాషలో రెండు పనులు చేస్తుంది. రెవెన్యూ రికార్డులో అది శిస్తు రాని నేల. చెరువు, వాగు, డొంక, పశువుల బీడు, శ్మశానం. ఏ ఒక్కరి పట్టాలోనూ లేనివి, ఊరందరికీ కావలసినవి. వీధిలో మాత్రం అది తిట్టు. ఎవరికీ ఆదాయం తెచ్చిపెట్టని, ఎవరి అదుపులోనూ ఉండని మనిషిని ఆ మాటతో తిడతారు. ఆడదాన్ని తిట్టినప్పుడు ఇంకో అర్థం కూడా వచ్చి చేరుతుంది, ఏ మగవాడి పేరు మీదా నమోదు కానిదని. నేలకీ మనిషికీ ఒకే మాట ఎందుకు సరిపోతోంది? ఒకదాని విలువను నిర్ణయించే హక్కు ఎవరిది, ఏ కొలతతో? ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులో తిరిగిన రెండు రోజులూ నా వెంట ఉన్న ప్రశ్నలు ఇవి. ఈ వ్యాసం ఆ ప్రయాణం గురించి కొంత, ఆ ప్రశ్నల గురించి ఎక్కువ.

2025 ఫిబ్రవరిలో ఒక సెమినార్‌లో పత్రం చదవడానికి ఫ్లోరిడా వెళ్ళాను. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు, "బీచ్‌కి తీసుకెళ్తానే, ఆ బురదలో ఏముంది చూడ్డానికి?" అంది. పదిహేనేళ్ళుగా అక్కడ ఉంటున్నా తను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అయినా నా కోసం కారు తీసింది.

అక్కడ ఏముందో చెప్పడం నిజంగానే కష్టం. పదిహేను లక్షల ఎకరాల పార్కులో ఒక కొండ లేదు, జలపాతం లేదు. దారి పక్కన ఒక బోర్డు, 'రాక్ రీఫ్ పాస్, ఎత్తు మూడు అడుగులు' అని గంభీరంగా ప్రకటిస్తుంది. అక్క కారాపి మరీ నవ్వింది. రాయల్ పామ్ దగ్గర రాబందులు కార్ల అద్దాల చుట్టూ ఉండే రబ్బరుని పీక్కు తింటాయని, కారు మీద కప్పుకోవడానికి పార్కువాళ్ళే టార్పాలిన్లు ఇస్తారు. కాలిబాట పక్కనే ఎలిగేటర్లు ఎండకి కదలకుండా పడుకుని ఉంటాయి. ఈ కాలిబాటకి తన పేరిచ్చిన అన్హింగా పక్షి పాములాంటి మెడ మాత్రం నీటి పైకి పెట్టి ఈదుతుంది, తర్వాత కొమ్మ మీద కూర్చుని తడిసిన రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుంది. పహయోకీ దగ్గర చెక్కమెట్లు ఎక్కితే కనుచూపు మేరా ఎండుగడ్డి రంగు. దగ్గరకి వెళ్తే అది గడ్డి కాదు, తుంగ జాతి. అంచుల వెంట రంపపు పళ్ళు, చెయ్యి పెడితే కోసుకుపోతుంది. ఆ తుంగ మొదళ్ళలో నీళ్ళు. మైలుకి రెండంగుళాల వాలు మీద, కదులుతున్నట్టు కంటికి తెలియకుండా, ఉత్తరాన ఓకీచోబీ సరస్సు వైపు నుంచి సముద్రం దాకా నడిచే నీళ్ళు.

అక్క ఐదు నిమిషాలు చూసి "ఇంతేనా?" అంది.

ఆ "ఇంతేనా"లో నాకు పెళ్ళిచూపుల గది వినిపించింది. అక్కడా చూడవచ్చినవాళ్ళదే కొలత. పని వచ్చా, చూడ్డానికి బావుంటుందా, నడవడిక ఎలాంటిది. ఈ మూడు ప్రశ్నలనీ ఎవర్‌గ్లేడ్స్‌ని కూడా అడిగారు. నూటయాభై ఏళ్ళ పైబడిన దాని చరిత్రంతా ఆ మూడు చూపుల చరిత్రే.

మొదటిది పనికొస్తుందా అన్న చూపు. 1850లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ముంపు వల్ల సాగుకి పనికిరాని చిత్తడి నేలలను రాష్ట్రాలకి ఇచ్చేస్తాం, అమ్ముకుని ఆ డబ్బుతో వాటిని ఎండబెట్టండి అని దాని సారాంశం. 1881లో ఫ్లోరిడా ప్రభుత్వం హామిల్టన్ డిస్టన్ అనే పారిశ్రామికవేత్తకి నలభై లక్షల ఎకరాలు ఎకరం పాతిక సెంట్ల చొప్పున అమ్మింది. 1904లో నెపోలియన్ బోనపార్ట్ బ్రావర్డ్ (అది అతని అసలు పేరే) ఎవర్‌గ్లేడ్స్‌ని ఎండగడతానన్న వాగ్దానం మీద గవర్నరుగా గెలిచాడు. తవ్విన కాలువలకి నీళ్ళు పోయాయి, కింద నల్లటి పీట్ మన్ను బయటపడింది. వేల ఏళ్ళుగా నీటి కింద కుళ్ళకుండా పేరుకున్న మొక్కల మన్ను అది. గాలి తగిలితే కరిగిపోతుంది, నిప్పు తగిలితే నేలే కాలుతుంది. కొన్నిచోట్ల ఆరడుగుల మందం ఇలా మాయమైంది. ఆ నేల మీద కూరగాయలు, తర్వాత చెరుకు. ఆ చెరుకు నరకడానికి 1990లలో యంత్రాలు వచ్చేదాకా ప్రతి ఏడూ జమైకా తదితర దీవుల నుంచి తాత్కాలిక వీసాల మీద మనుషుల్ని తెచ్చి, పంట కాగానే వెనక్కి పంపేవాళ్ళు. పనికిరాని నేల పనికొచ్చే నేలగా మారినప్పుడు దాని చుట్టూ ఇంకో పోరంబోకు జనం తయారవుతారు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ నల్లమన్ను కొత్త కాదు. జోరా నీల్ హర్‌స్టన్ 1937 నాటి నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'లో జేనీ తన మనిషితో వచ్చి చిక్కుళ్ళు కోసేది ఇక్కడే, తుపాను వచ్చి సరస్సు కట్ట తెగేదీ ఇక్కడే. అది కల్పన కాదు. 1928 సెప్టెంబరు 16 రాత్రి తుపానుకి కనీసం రెండున్నర వేల మంది చనిపోయారు. ఎక్కువమంది నల్లజాతి కూలీలు. వెస్ట్ పామ్ బీచ్‌లో తెల్లవారి శవాలకి పెట్టెలు దొరికాయి. 674 మంది నల్లవారిని ఒకే గోతిలో పూడ్చారు, దశాబ్దాల పాటు ఆ గోతి మీద ఒక గుర్తు కూడా లేదు. హర్‌స్టన్ సమాధీ అలాగే పేరు లేకుండా ఉండిపోతే 1973లో ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్ళి రాయి పెట్టించిన సంగతి మనకి తెలుసు. నేల మీద ఎవరి పేరు నమోదవుతుంది అన్న ప్రశ్నే ఆ నేల కింద కూడా.

రెండోది అందం. అందాన్ని గుర్తించడం ప్రయోజనం వెతకడం కన్నా ఉదాత్తమైన చూపని మనం అనుకుంటాం. కొంగల్ని అడిగితే వేరే మాట చెబుతాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో న్యూయార్క్, లండన్ ఆడవాళ్ళ టోపీల మీద తెల్లకొంగ ఈకలు ఫ్యాషన్. ఆ ఈకలు గుడ్లు పెట్టే కాలంలోనే వస్తాయి. తల్లీతండ్రీ పక్షుల్ని కాల్చేస్తే గూళ్ళలో పిల్లలు ఆకలికి చచ్చేవి. తూకానికి ఈక ధర బంగారాన్ని మించింది. 1905లో గై బ్రాడ్లీ అనే కాపలాదారుని ఫ్లమింగో దగ్గర ఒక వేటగాడు కాల్చి చంపాడు. నిందంతా ఆడవాళ్ళ అలంకార వ్యామోహం మీదకి వెళ్ళింది. 1920లో వర్జీనియా వుల్ఫ్ 'ది ప్లూమేజ్ బిల్' అనే చిన్న వ్యాసంలో ఆ నిందని విప్పి చూపించింది. పక్షిని చంపేదీ, ఈకని అమ్ముకునేదీ, పార్లమెంటులో బిల్లుని ముందుకి కదలనివ్వనిదీ మగవాళ్ళైతే దోషం ఒక్క ఆడదాని టోపీకే ఎలా అంటుకుంటుందని ఆమె వాదన. అయినా కొనుక్కున్న చేతులు ఉన్నాయి, వాటిని ఆపిన చేతులూ ఆడవాళ్ళవే. బోస్టన్‌లో హారియెట్ హెమెన్వే, మినా హాల్ 1896లో ఇంటింటికీ తిరిగి ఈకల టోపీలు మానిపించి ఒక సంస్థ కట్టారు. ఫ్లోరిడాలో మే మాన్ జెన్నింగ్స్ నాయకత్వంలో మహిళా క్లబ్బులు శాసనసభ వెంటపడి, భూమి సంపాదించి, 1916లో రాయల్ పామ్ స్టేట్ పార్క్ తెరిపించాయి. అప్పటికి వాళ్ళకి ఓటు లేదు. తర్వాత వచ్చిన నేషనల్ పార్కుకి బీజం ఆ కాస్త నేలే. అక్కా నేనూ కారు మీద టార్పాలిన్ కప్పింది అక్కడే.

మూడోది పవిత్రత. 1947 డిసెంబరు 6న ప్రెసిడెంట్ ట్రూమన్ ప్రారంభించిన ఈ పార్కుకి ఒక ప్రత్యేకత ఉంది. అంతకు ముందు అమెరికాలో పెద్ద నేషనల్ పార్కులన్నీ పర్వతాలూ లోయల దృశ్యాల కోసం కట్టినవి. కేవలం జీవజాలం కోసం ఏర్పడిన మొదటి పెద్ద పార్కు ఇది. అందంతో పని లేకుండా విలువ ఇచ్చారన్నమాట, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ విలువకి ఒక షరతు పెట్టారు, మనిషి చెయ్యి పడనిదై ఉండాలని. ఇంగ్లీషులో ఇలాంటి అడవికి వాడే మాట కన్య అనే అర్థం ఇస్తుంది. ఎవరి చెయ్యి పడలేదు? పందొమ్మిదో శతాబ్దంలో మూడు యుద్ధాలు చేసి సెమినోల్ ప్రజల్ని పశ్చిమానికి తరిమేశాక, లొంగని కొన్ని వందలమంది ఈ నీళ్ళలోకే వచ్చి, తుంగ మధ్య చెట్ల దిబ్బల మీద బతికారు. బానిసత్వం నుంచి పారిపోయిన నల్లవారు వాళ్ళలో కలిశారు. ఎవరికీ పనికిరాని నేల గనకే అది వాళ్ళని దాచగలిగింది. పార్కు గీత గీసినప్పుడు లోపల ఉన్న కుటుంబాలని బయటికి, రోడ్డు పక్కకి పంపారు. మికసూకీ తెగకి ప్రభుత్వ గుర్తింపు 1962లో వచ్చింది. పార్కు ఉత్తరపు అంచున నివసించే శాశ్వత హక్కు 1998లో చట్టం చేస్తే గానీ రాలేదు. కన్యాత్వం అనే విలువ ఎప్పుడూ ఎవరో ఒకరి ఉనికిని తుడిచేసిన మీదటే నిలబడుతుంది. ఈ మాట మన ఒంటి సంగతిలో మనం చాలాసార్లు రాసుకున్నాం. నేల సంగతిలో కూడా రాసుకోవాలి.

ఉపయోగం, అందం, పవిత్రత. ఈ మూడు కొలతలనీ తీసేస్తే ఏం మిగులుతుంది? మనలో చాలామందిమి చటుక్కున చెప్పే జవాబు ప్రేమ. ప్రకృతిని ప్రేమించాలి, ప్రేమిస్తే కాపాడతాం. పార్కు పుస్తకాల దుకాణం నిండా ఆ మాటే. నాకు దానితో పేచీ ఉంది. ఆ పేచీకి మాటలిచ్చింది ఎవర్‌గ్లేడ్స్ పేరు చెప్పగానే అందరూ తలుచుకునే మనిషే.

మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ 1890లో పుట్టింది. చిన్న వయసులో చేసుకున్న పెళ్ళి నిలవలేదు. 1915లో మయామీలో పత్రికా సంపాదకుడైన తండ్రి దగ్గరకి వచ్చి విలేకరి అయ్యింది. ఓటు హక్కు కోసం 1917లో రాష్ట్ర రాజధానికి వెళ్ళి శాసనసభ్యుల ముందు మాట్లాడింది. (ఓటు హక్కు సవరణని ఫ్లోరిడా లాంఛనంగా ఆమోదించింది 1969లో, దేశంలో అమల్లోకి వచ్చిన 49 ఏళ్ళకి.) నదుల గురించిన ఒక పుస్తకాల వరుసకి మయామీ నది మీద రాయమని అడిగితే, అంత చిన్న నది మీద రాయడానికేముంది, ఎవర్‌గ్లేడ్స్ మీద రాస్తానంది. 1947లో వచ్చిన ఆ పుస్తకం 'ది ఎవర్‌గ్లేడ్స్: రివర్ ఆఫ్ గ్రాస్'. అప్పటిదాకా బురదగుంట అన్నదాన్ని ఆమె నది అంది. పేరు మారితే చూపు మారింది. గుంటనైతే పూడ్చొచ్చు. నదిని కాలువల్లోకి తిప్పేస్తే, దాని చివర ఉన్నవాళ్ళకి నీళ్ళు ఏవి అనే ప్రశ్న వస్తుంది. దక్షిణ ఫ్లోరిడాలో లక్షలాది మంది తాగే నీళ్ళు భూమిలోకి ఇంకేది ఈ చిత్తడి నుంచే.

ఇదంతా ఆమె చిత్తడిలో పడవలేసుకుని తిరిగే మనిషై చేసిందనుకుంటాం. కాదు. తన ఆత్మకథలో ఆమె దాపరికం లేకుండా చెప్పింది. ఎవర్‌గ్లేడ్స్‌కి స్నేహితురాలు కావాలంటే అక్కడ తిరుగుతూ ఉండక్కర్లేదు, పురుగులూ తడీ, మనిషికి సుఖమిచ్చే చోటు కాదు అని. ఆమె వెళ్ళింది తక్కువసార్లు. చదివింది, శాస్త్రవేత్తల్ని అడిగింది, రాసింది. 1969లో, 79 ఏళ్ళ వయసులో, 'ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎవర్‌గ్లేడ్స్' అనే సంస్థ పెట్టి మీటింగుల్లో తిట్లు తింది. 1998లో 108 ఏళ్ళకి చనిపోయింది. నచ్చడానికీ బాధ్యత పడడానికీ మధ్య మనం వేసుకున్న ముడిని ఆమె విప్పేసింది. నాకు సుఖం ఇవ్వని చోటుకి కూడా నేను బాకీ ఉన్నాను, ఆ బాకీ తీర్చడానికి అది నన్ను మెప్పించాల్సిన అవసరం లేదు. పెళ్ళిచూపుల గదిలో నుంచి బయటికి వచ్చిన చూపు ఇది.

ఇక్కడ ఆగి ఒక అభ్యంతరం చెప్పుకోకపోతే అన్యాయం. ఇష్టం లేని బాధ్యత ఆడవాళ్ళకి కొత్త సుగుణమా? తరతరాలుగా మన మెడకి కట్టింది అదే కదా. మా అమ్మ మంచాన పడ్డ మా నాయనమ్మకి ఆరేళ్ళు చేసింది. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, రాత్రి రెండుసార్లు లేవడం. నాయనమ్మ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అమ్మని పెట్టిన బాధలు ఇంట్లో అందరికీ తెలుసు. పోయినప్పుడు చుట్టాలంతా "కోడలికి అత్తగారంటే ఎంత ప్రేమో" అన్నారు. ఆ రాత్రి గిన్నెలు తోముతూ అమ్మ నాతో, "ప్రేమేంటే, ఇష్టం లేదు నాకావిడంటే. మనిషి అట్లా పడుంటే చెయ్యకుండా ఎట్లా?" అంది. నేను అప్పుడు పీహెచ్.డి. రెండో సంవత్సరంలో ఉన్నాను, సంరక్షణ శ్రమ గురించి థియరీ చదువుతూ. ఆ ఒక్క వాక్యంలో ఉన్నంత నీతిశాస్త్రం ఆ ఏడు చదివిన పుస్తకాల్లో నాకు దొరకలేదు. అలాగని ఆ ఆరేళ్ళని నేను గొప్పచెయ్యలేను. అమ్మకి మోకాళ్ళు పోయాయి. డగ్లస్ తన బాధ్యతని తనే ఎంచుకుంది, తన ఇంట్లో ఒక్కతే ఉంది, తన పేరు మీద రాసుకుంది. అమ్మని ఎవరూ అడగలేదు.

మరి తేడా ఎక్కడుంది? అమ్మకి జరిగిన అన్యాయం ప్రేమ లేకుండా చెయ్యాల్సి రావడం అనుకోను. ఆమె చేసింది సరైన పనే, ఆమె మాటే దానికి సాక్ష్యం. అన్యాయం అల్లా, నలుగురు బిడ్డలున్న మనిషి పక్క ఒక్క కోడలే మార్చడం. "ఆవిడకి ప్రేమ, అందుకే చేస్తోంది" అన్న మాట మిగతా అందరికీ సెలవు చీటీ అయ్యింది. ప్రేమ ఉన్నవాళ్ళు చేస్తారు, లేనివాళ్ళకి పని లేదు. అది ఆ ఇంట్లో నడిచిన లెక్క. ఎవర్‌గ్లేడ్స్ విషయంలోనూ అదే లెక్క నడుస్తుంది. ప్రేమికులు వెళ్ళి ఫొటోలు తీసుకుంటారు, సంతకాలు పెడతారు. మిగతా అందరూ ఆ చెరుకు పంచదార తింటూ, ఆ నీళ్ళు తాగుతూ, ఆ నేల ఎండగట్టి లేపిన కాలనీల్లో ఉంటూ తమకేం సంబంధం లేదనుకుంటారు. ప్రేమ ఎవరికి ఎంత ఉందన్నది సొంత విషయం, దాన్ని ఎవరి దగ్గరా వసూలు చెయ్యలేం. బాధ్యతని మాత్రం పంచవచ్చు, పంచాలి. స్త్రీవాదం ఇన్నాళ్ళూ ఇంటిచాకిరీ గురించి అడుగుతూ వచ్చింది కూడా ఇదే. మమ్మల్ని ఎక్కువ ప్రేమించమని కాదు, పని పంచుకోమని.

ఇదంతా వాదన కోసం చేస్తున్న వాదన కాదని 2025 జులైలో తెలిసింది. 1968లో ఎవర్‌గ్లేడ్స్ పక్కనే బిగ్ సైప్రస్ చిత్తడిలో బ్రహ్మాండమైన విమానాశ్రయం ఒకటి మొదలుపెట్టారు. డగ్లస్ సంస్థ పెట్టింది దాన్ని ఆపడానికే. 1970లో అది ఆగింది, ఒక్క రన్‌వే మిగిలింది. సరిగ్గా ఆ రన్‌వే మీద 2025 జులైలో ఫ్లోరిడా ప్రభుత్వం వలసదారుల నిర్బంధ కేంద్రం తెరిచింది. గుడారాలూ ముళ్ళకంచే. దానికి వాళ్ళే పెట్టుకున్న ముద్దుపేరు 'ఎలిగేటర్ అల్కట్రాజ్'. పారిపోతే మొసళ్ళే చూసుకుంటాయని నాయకులు నవ్వుతూ చెప్పారు. ఎవరూ లేని చోటని ఎంచుకున్నారు, మికసూకీ ఊళ్ళు దాని చుట్టుపక్కలే ఉన్నా. కాగితం లేని నేల మీద కాగితం లేని మనుషులు. పోరంబోకు అనే మాటలోని రెండు అర్థాలూ ఒకే కంచెలో కలిశాయి. ఒకప్పుడు పారిపోయినవాళ్ళని దాచిన చిత్తడిని ఇప్పుడు పారిపోనివ్వని గోడగా వాడుకున్నారు.

'ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎవర్‌గ్లేడ్స్' మరో పర్యావరణ సంస్థతో కలిసి కోర్టుకి వెళ్ళింది. మికసూకీ తెగ ఆ కేసులో చేరింది. ఆగస్టులో జడ్జి ఆ కేంద్రాన్ని ఖాళీ చెయ్యమన్నారు, సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వుని ఆపింది. ఆ కేసు నీళ్ళ గురించి, పర్యావరణ సమీక్ష చెయ్యకపోవడం గురించి. లోపలి మనుషుల హక్కుల గురించి వేరే కేసులు నడిచాయి. రెండూ ఒకటే కేసని చెప్పగల చట్టం ఇంకా లేదు. అది చెప్పాల్సినవాళ్ళం మనం, మాటలతో పని చేసేవాళ్ళం.

ఆ వార్త వచ్చిన వారం అక్క ఫోన్ చేసింది. వీసా మీద వచ్చి, ఏళ్ళ తరబడి క్యూలో నిలబడి, కాగితం సంపాదించుకున్న మనిషి. వాళ్ళ ఊరివాళ్ళు కొందరు ఆ రోడ్డు మీద నిలబడి నిరసన తెలుపుతుంటే తనూ ఒక ఆదివారం వెళ్ళిందట. "నాకా చోటు ఇప్పటికీ నచ్చలేదే, దోమలు తినేశాయి" అంది. వచ్చే ఆదివారం కూడా వెళ్తానని, ఈసారి బావగారిని కూడా రమ్మన్నానని చెప్పింది.